నాయన చెవి, నా నోరు

నా చేతిలో పాడైన బండ్ల లెక్క చెప్పుకుంటే నాకే సిగ్గు. వాటిలో చాలావరకు మళ్లీ రోడ్డెక్కాయి కాబట్టి ఇంకా ఈ వృత్తిలోనే బతుకుతున్నాను. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్ద ఘనకార్యం. నలభై ఏళ్లు ఇంజన్ల మధ్య తిరిగిన మనిషిని నేను ఒక్క మాటతో ఇంట్లో కూర్చోబెట్టాను. మధ్యలో ఆరోగ్యంగా ఉన్న ఒక ఇంజన్‌ను నాలుగు రోజులపాటు విప్పి, మళ్లీ బిగించిన సంగతి కూడా వస్తుంది. నవ్వాలనుకునేవాళ్లు అక్కడ నవ్వుకోండి, నేను కూడా అంతవరకే నవ్వుతూ చెప్పగలను.

మా నాయన పేరు బాబయ్య. హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన మాది రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు రాయించాడు గానీ అది గాలికి పడిపోతే, బండ్ల కింద దూరేటప్పుడు వీపు కింద వేసుకోవడానికి వాడుకున్నాడు. మడకశిర నుంచి, ధర్మవరం నుంచి బండ్లు బోర్డు చూడకుండానే వెతుక్కుంటూ వచ్చేవి. కారణం ఆయన చెవి. ఒక్క నిమిషం ఇంజన్ నడిపిస్తే చాలు, లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేస్తాడని పేరు. ఆయన సంపాదించిన ఆస్తి మొత్తం ఆ పేరే.

ఆయన పద్ధతి చాలా పాతది. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం. మెకానిక్కులందరూ చేసేదే. అయితే నేను బెంగళూరులో ఉద్యోగానికి పోయిన తర్వాత ఎప్పుడో, ఆయన పిడిని చెవికి పెట్టుకోవడం మానేసి పళ్ల మధ్య కరిచి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇది చూసి హిందూపురం మెకానిక్కులు ఏదో రహస్య విద్య అనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ స్క్రూడ్రైవర్లు కొరకసాగారు. బస్టాండు దగ్గర ఒకాయనకు ముందు పన్ను కదిలిపోయింది. అయినా వదల్లేదు. బాబయ్యకు పట్టుబడిన విద్య తనకు పట్టుబడకపోవడానికి ఆ కదిలిన పన్నే కారణమని ఆయన గట్టి నమ్మకం.

ఇక నా సంగతి. పాలిటెక్నిక్ చదివి బెంగళూరులో ఒక కార్ల షోరూంలో ఐదేళ్లు పనిచేశాను. జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కా ఇచ్చారు. ఇంజన్‌కు వైరు తగిలిస్తే తెర మీద తప్పులు చూపించే ఒక పెట్టె ఇచ్చారు. ఆ చొక్కా, ఆ పెట్టె కలిసి నా తలకెక్కిన పొగరు గురించి మా అమ్మను అడిగితే ఇప్పటికీ ఒక పూట చెబుతుంది. వారానికోసారి ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. ఎప్పుడు చేసినా అమ్మే ఎత్తేది. నాయనకు ఇవ్వమంటే స్నానం చేస్తున్నాడనేది. పొద్దున చేసినా స్నానమే, మధ్యాహ్నం చేసినా స్నానమే. ఐదేళ్లపాటు మా నాయన జిల్లాలోకెల్లా శుభ్రమైన మెకానిక్ అని నేను నమ్మాను. షోరూంలో నలుగురికి గొప్పగా చెప్పాను కూడా. పండగలకు ఇంటికొస్తే ఆయన నా ముఖమే చూస్తూ వినేవాడు, అది నా మీద మురిపెమనుకున్నాను.

ఆ ఉద్యోగం మానేసి ఇంకో పెద్ద షోరూంలో చేరేముందు నెల రోజులు ఖాళీ దొరికింది. ఆ నెల ఇంటికొచ్చి, నాయన షెడ్డును బాగుచేసిపోదామని నిర్ణయించుకున్నాను. షెడ్డు నన్ను అడగలేదు, నాయన అసలే అడగలేదు.

వచ్చిన వారానికే నరసింహులన్న వ్యాన్ వచ్చింది. నరసింహులన్నది ధర్మవరం. ఇంట్లో మగ్గాలు ఉన్నాయి, నేసిన చీరలు ఆ వ్యాన్‌లోనే వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఆయన బాధ ఏమిటంటే, రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేస్తే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గరగరమని మోత. పది సెకన్లు, మహా అయితే పదిహేను. తర్వాత ఆగిపోతుంది. మళ్లీ మరుసటి పొద్దుటిదాకా ఎంత వెతికినా ఆ మోత దొరకదు. ధర్మవరం నుంచి మా షెడ్డు చేరేసరికి ఇంజన్ కాలిపోతూ ఉంటుంది, పిల్లిలా మెత్తగా నడుస్తూ ఉంటుంది. నా పెట్టె తగిలించాను. తప్పులేవీ లేవని చూపించింది.

నాయన ఆ రోజు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, రాత్రికి బండి ఇక్కడే వదిలిపెట్టమన్నాడు. నేను అడ్డుపడ్డాను. జబ్బు ఉన్నచోటికే డాక్టరు పోవాలని, బండి రోజూ నిలబడే చోటే వినాలని, షోరూంలో అట్లాగే నేర్పించారని ఒక ఉపన్యాసం ఇచ్చాను. షోరూంలో అట్లా ఎవరూ నేర్పించలేదు. ధర్మవరం పోయిరావాలని నాకే సరదా.

మరుసటి రోజు చీకటితోనే బైకు మీద బయల్దేరి, చలికి వణుకుతూ ధర్మవరం చేరాను. నరసింహులన్న ఇంటి ముందు బండి అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. చక్కగా, ఏ మోతా లేకుండా. ఆయన ముసలి తల్లి నవ్వుతూ ఎదురొచ్చింది.

"నువ్వు ఇంత దూరం నుంచి వస్తాండావు కదప్పా. నీకు శ్రమ ఏంటికని అర్ధగంట ముందే బండి వేడి చేపించి పెట్టినా" అంది.

ఇంటికొచ్చే మనిషికి నీళ్లు కాచిపెట్టినట్టు ఇంజన్ కాచిపెట్టింది ఆ తల్లి. ఏమంటాను. ఆమె పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిని తిరిగొచ్చాను.

రెండోసారి దారి మధ్యలో ఉన్న పెనుకొండలో పెట్టాం. అక్కడ నరసింహులన్న బావమరిది ఇంటి ముందు రాత్రి బండి ఆపి, తెల్లారాక నేను పోయేవరకూ ఎవరూ ముట్టుకోకూడదని కట్టుదిట్టం చేశాను. తాళం చెవి కూడా నేనే తెచ్చుకున్నాను. పొద్దున పోయి చూస్తే బానెట్ వేడిగా ఉంది. బర్రెలు బయటికి పోయే దారికి అడ్డముందని, బావమరిది తన దగ్గరున్న రెండో తాళం చెవితో బండిని అటు జరిపి, బర్రెలు పోయాక మళ్లీ జాగ్రత్తగా యథాస్థానంలో నిలబెట్టాడట. గీత తప్పలేదని చక్రాల గుర్తులు చూపించాడు. అక్కడ పాలు తాగి తిరిగొచ్చాను.

మూడోసారి బండి మా షెడ్డులోనే రాత్రంతా ఉంది. నాయన మొదటి రోజే చెప్పింది చేయడానికి నాకు రెండు ప్రయాణాలు, ఒక జలుబు పట్టాయి.

ఆ పొద్దున ఎనిమిది గంటలకు షెడ్డు ముందు నరసింహులన్న ఉన్నాడు. టీ తాగుతూ ఇద్దరు లారీ డ్రైవర్లు ఉన్నారు. నాయన స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య పెట్టుకుని ఇంజన్ మీదికి వంగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నీలం చొక్కా వేసుకున్న నా ముందు, కస్టమర్ ముందు, మా నాయన నూనె మరకల పిడిని నోట్లో పెట్టుకోవడమా అనిపించింది. దగ్గరికి పోయి ఆ స్క్రూడ్రైవర్‌ను ఆయన నోట్లోంచి తీసి నా చేతిలో పెట్టుకున్నాను. చంటిపిల్లవాడి నోట్లోంచి మట్టి తీసినట్టు తీశాను. ఆయన నా చేతి వైపు చూశాడు. నేను స్టార్ట్ చేయమని నరసింహులన్నకు సైగ చేశాను.

గరగరమని మోత వచ్చింది. టీ తాగుతున్న డ్రైవర్లు కూడా తలెత్తి చూశారు. పది సెకన్లకు ఆగిపోయింది.

నేను ఇంజన్ మీదికి వంగి, నాయనకు వీపు చూపిస్తూనే, ఆ మోత ఏమిటో చెప్పమని అడిగాను. జవాబు లేదు. తిరిగి చూసి మళ్లీ అడిగాను.

"బాగానే ఉండాది కదరా. మెత్తగా పోతాండాది" అన్నాడు నాయన.

నాకు నవ్వొచ్చింది. రోడ్డు అవతలికి వినిపించిన మోత హిందూపురం పేరుమోసిన చెవికి వినిపించలేదా. బెంగళూరు షోరూంలో మేం ఒకరినొకరం ఏడిపించుకున్నట్టే, "ఏంది నాయనా, నీకు చెవుడొచ్చిందా ఏంది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. డ్రైవర్లిద్దరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. నరసింహులన్న నా మోచెయ్యి పట్టుకుని నొప్పెట్టేలా నొక్కాడు. నాయన నా నోటి వైపే చూస్తూ, ఏమన్నానని కళ్లతోనే అడిగాడు. తెలివైనవాడెవడైనా అక్కడ ఆగేవాడు. నేను మాత్రం నా హాస్యం ఆయనకు అందలేదేమోనని, ఇంజన్ మోతను మించి అరిచి మరీ చెప్పాను.

"నీకు చెవుడొచ్చిందంటాండా."

ఈసారి ఆయనకు అందింది. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని గుడ్డతో తుడిచి, గోడకున్న మేకుకు తగిలించాడు. సబ్బు పొడితో చేతులు మెల్లగా, వేళ్ల సందులన్నీ కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని ఇంటి దారి పట్టాడు. నేనెంత మూర్ఖుణ్నంటే, స్నానానికి పోతున్నాడనుకున్నాను.

ఇక ఇంజన్ నాది. ఆ మోత టైమింగ్ చైన్‌దేనని తేల్చేశాను. లోపలి చైన్ వదులైతే, పొద్దున ఆయిల్ పైకి ఎక్కేదాకా అట్లాగే గరగరమంటుంది. పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నది బండిలో కూడా ఉంటుందని అప్పటి నా నమ్మకం. ఇంజన్ ముందు భాగమంతా విప్పాను. చైన్ మార్చాను, దాన్ని బిగించే ముక్క మార్చాను, వాటి కోసం బెంగళూరు మనిషికి ఫోన్ చేసి బస్సులో తెప్పించాను. మూడు రోజులు నాయన షెడ్డు వైపు రాలేదు. ఒంట్లో బాగాలేదని అమ్మ చెప్పింది. నాలుగో రోజు అన్నీ బిగించాక రెండు బోల్టులు మిగిలాయి. అవి మొదటి నుంచీ ఎక్కువేనని నాకు నేనే సర్దిచెప్పుకుని జేబులో వేసుకున్నాను.

ఐదో పొద్దున నరసింహులన్న వచ్చి స్టార్ట్ చేశాడు. గరగరమని మోత, ఇంతకుముందు కంటే కొంచెం ఉత్సాహంగానే వచ్చింది. ఇక్కడివరకే నవ్వు.

నరసింహులన్న కోప్పడలేదు. ఇంజన్ ఆపి, బండి దిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఐదేండ్లాయప్పా మీ నాయనకు వినపడక" అన్నాడు. "ఊర్లో అందరికీ తెలుసు. ఆయప్ప పండ్లతో పట్టుకుంటాడు, చేత్తో పట్టుకుంటాడు. అది తెలిసే మేం బండ్లు తెస్తాండాం."

ఆయన మెల్లగా ఒక్కొక్కటే చెప్పాడు. బాబయ్యతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి పెదాలు కనిపించేలా మాట్లాడాలని అందరికీ తెలుసట. వెనక నుంచి పిలవకుండా ముందుకొచ్చి భుజం తట్టేవారట. మోత ఎట్లా ఉందో చెప్పాలంటే, బానెట్ మీద వేళ్లతో దరువు వేసి చూపించేవారట. టీ కొట్టాయన కూడా కేక వేయకుండా గ్లాసు తీసుకొచ్చి చేతికిచ్చేవాడట. ఇంతమంది ఐదేళ్లపాటు కూడబలుక్కుని ఆయనకు చెవుడు లేదన్నట్టే నడుచుకున్నారు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు కాబట్టి ఆయన మెకానిక్‌గానే ఉన్నాడు. ఆ స్క్రూడ్రైవర్ కొరకడం రహస్య విద్య అన్నవాళ్లు కూడా అమాయకులు కారు. ఆయన ఒక్కడే అట్లా చేస్తే తెలిసిపోతుందని, తామూ కొరకడం మొదలుపెట్టారట. ఆ పన్ను కదిలినాయన ఒక్కడే నిజంగా నమ్మింది.

"మరి నాకెందుకు చెప్పలేదన్నా" అని అడిగాను.

"నీకే చెప్పొద్దన్నాడు. వానికి తెలిస్తే ఉద్యోగం ఇడిసిపెట్టి ఈడికొచ్చి కూర్చుంటాడు, వాని బతుకు ఈ నూనెలో పోతాది అన్నాడు. మీ అమ్మతో కూడా ఒట్టేయించుకున్నాడంట."

అప్పుడు ఆ స్నానాలన్నీ నాకు అర్థమయ్యాయి. ఐదేళ్లు, వారానికొకటి. ఫోన్‌లో పెదాలు కనిపించవు కదా.

ఆ సాయంత్రం నాయన తనంతట తానే షెడ్డుకొచ్చాడు, నా కోసం కాదు, నరసింహులన్న బండి ఐదు రోజులుగా ఆగిపోయిందని. ఆ రాత్రి బండి చల్లబడనిచ్చి, పొద్దున్నే మళ్లీ వచ్చాడు. మేకు మీది స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. బండి కింద పడుకుని, స్టార్ట్ చేయమని చెయ్యి ఊపి, ఆ పది సెకన్లు అరచేత్తో పొగ గొట్టం పొడవునా తడుముకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. గొట్టం వేడి పైకి కొట్టకుండా అడ్డంగా బిగించే రేకు ఒకటి ఉంటుంది. దాని బోల్టు వదులైంది. చల్లగా ఉన్నప్పుడు రేకు ఊగి మోగుతుంది, వేడెక్కితే సాగి బిగుసుకుని ఊరుకుంటుంది. నాయన స్పానర్‌తో ఒకటిన్నర చుట్టు తిప్పి బయటికొచ్చాడు. లేచి నా చొక్కా జేబు వైపు చూసి చెయ్యి చాచాడు. నేను ఆ రెండు బోల్టులు ఇచ్చాను. అవి ఎక్కడివో ఆయనకు తెలుసు, అక్కడ బిగించి ఇంటికి పోయాడు.

మోత పోయింది. కథ ఇక్కడ అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ని కాదు.

నేను రోడ్డు మీద అరిచిన మాట డ్రైవర్ల వెంట ఊరంతా తిరిగింది. వాళ్లు చెడుగా ఏమీ చెప్పలేదు. కొడుకే పైకి అనేశాక దాచాల్సిన పనేముందని జనం అనుకున్నారు. అంతకుముందు ఎదురొచ్చి పెదాలతో మాట్లాడినవాళ్లు ఇప్పుడు దూరం నుంచే అరవసాగారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన పక్కనే నిలబడి, బండి బాధ నాకు చెప్పి, నాయనకు చెప్పమనేవారు. జాలితో ఒకాయన వేళ్లతో లెక్కలు చూపించాడు. నాయన రెండు వారాలు ఓర్చుకున్నాడు. తర్వాత ఒక పొద్దున షెడ్డు తాళం చెవి నా పళ్లెం పక్కన పెట్టి, అమ్మతో ఇక పోనన్నాడు. చెవికి మిషన్ పెట్టిద్దామని బెంగళూరు తీసుకుపోయాను. ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. పళ్లతో కరిస్తే మోత ఎముకల గుండా లోపలికి చేరుతుందని కూడా అప్పుడే చెప్పాడు. ఆ పెద్ద షోరూం ఉద్యోగంలో నేను చేరలేదు. నాయన ఐదేళ్లు దాచి కాపాడిందంతా నేను నెల తిరక్కుండా చెడగొట్టాను, ఆయన వద్దనుకున్న ఆ నూనెలోనే కూర్చున్నాను.

చాలా నెలలు నాకు నోరు రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంటే, ధైర్యం చేసి పక్కన కూర్చున్నాను. ఆయన ముఖం చూసి మాట్లాడలేక, నేల చూస్తూ అన్నీ చెప్పాను. తప్పు చేశానన్నాను. ఆ రోజు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదన్నాను. క్షమించమన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తలెత్తి చూస్తే ఆయన వీధిలో పోతున్న మేకలను చూస్తున్నాడు. నేను కదలడం చూసి నా వైపు తిరిగాడు.

"ఏమన్నా అంటివా రా" అన్నాడు.

మళ్లీ చెప్పాలంటే ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పాలి, అది నా వల్ల కాదు, లేదంటే అరవాలి. పక్కింటివాళ్లు గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నారు. ఎదురింటాయన స్కూటర్ తుడుచుకుంటున్నాడు. వాళ్లందరూ వింటారని నాకు సిగ్గేసింది.

"అన్నం తిన్నావా అంటాండా" అని అరిచాను.

తిన్నానని తలూపాడు. రేపు చెబుదాం, ఎవరూ లేనప్పుడు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. కాగితం మీద రాసి ఇవ్వొచ్చని కూడా నాకు తోచింది, ఆయన పోయిన మూడో రోజున.

అందుకని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మెకానిక్కులందరి సమక్షంలో, కదిలిన పళ్లవాళ్లతో సహా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా ఎగతాళి చేయాలనిపిస్తే నాలో నేనే గొణుక్కుంటాను. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే మాత్రం ఇంజన్లన్నీ ఆపించి, నడిరోడ్డు మీద నిలబడి, ఎదురుగా ముఖం పెట్టి, మూడు వీధులకు వినిపించేలా అరుస్తాను.

నాయనా, ఆ రోజు నేను అడిగింది అన్నం గురించి కాదు.